సాలొమోను నిలబడ్డ చోటు

మూడు అడుగులు. అణు విద్యుత్ కేంద్రంలో కరెంటు ప్యానెల్ పేలితే మంట ఎంత దూరం వస్తుందో మా కమిటీ తేల్చిన లెక్క అది. ముందుకి మూడు అడుగులు, పైకి అయిదు. అక్కడితో మంట ఆగిపోవాలి. ఆగకపోతే అది మంట తప్పుగానీ కమిటీ తప్పు కాదు.

మా కమిటీ అంటున్నానుగానీ నేను అందులో మెంబర్ని కాను. ఢిల్లీ ద్వారకలో ఒక సెక్టారులో అద్దెకు తీసుకున్న రెండో అంతస్తులో ఆ కమిటీ ఆఫీసు ఉండేది. కాంట్రాక్టరు పంపిన ఎలక్ట్రీషియన్ని నేను. ఏసీ ఆగితే నేను, ట్యూబులైటు కొట్టుకుంటే నేను, ప్రొజెక్టరు వైరు కనపడకపోతే నేను, టీ చల్లారితే కూడా నేనే. నా చదువు ఎనిమిదో తరగతిలో ఆగింది. అక్కడ కూర్చునేవాళ్ళలో రెండు డిగ్రీలకి తక్కువైనవాడు లేడు. కానీ హైటెన్షన్ ప్యానెల్ పేలడం కళ్ళతో చూసినవాడు ఆ అంతస్తు మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. టీ ట్రే పట్టుకున్నవాడికి అభిప్రాయాలు ఉంటే కప్పులు తొణుకుతాయి.

కమిటీ పనేమిటో నాకు తెలిసిన భాషలో చెప్తాను. రియాక్టరు ఆపేసినా దాని లోపలి వేడి వెంటనే చల్లారదు. నీళ్ళు తిప్పుతూనే ఉండాలి. తిప్పే పంపులకి కరెంటు కావాలి. ఆ కరెంటు బీరువాల్లాంటి ఇనప ప్యానెళ్ళలోంచి వస్తుంది. లోపల లోహపు పట్టీల్ని ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటారు. బోల్టు వదులైతే జాయింటు వేడెక్కుతుంది. వేడెక్కీ వేడెక్కీ ఒకరోజు కరెంటు పట్టీని వదిలేసి గాల్లోకి దూకుతుంది. దాన్ని వాళ్ళు ఆర్క్ అంటారు, మేం ఫిట్టర్లం ఫ్లాష్ అంటాం. మామూలు నిప్పు కాదది. ఇనప తలుపుని అట్టముక్కలా విసిరేస్తుంది. పట్టీ ఆవిరైపోతుంది. ఒక పంపు పోతే ఆదుకోవాల్సిన రెండో పంపు కేబుళ్ళు ఆ పక్కనే ఉన్నాయనుకోండి, అవీ పోతాయి. అప్పుడు నీళ్ళు తిప్పేవాళ్ళుండరు. అందుకని ఆర్క్ మంట ఎంత దూరం వస్తుందో ముందే తేల్చి, రెండో పంపు కేబుళ్ళని దానికి అవతల పెట్టుకోవాలి. ఆలోచన మంచిదే. నేనూ ఒప్పుకుంటాను.

చిక్కల్లా కమిటీ దగ్గరున్న డ్రాయింగుల్లో వచ్చింది. కేబుళ్ళు అప్పటికే ఆరడుగుల దూరంలో వేసేసి ఉన్నాయి. వాటిని జరపాలంటే ప్లాంట్లు నెలల తరబడి ఆపాలి. మంటని జరపడం తేలిక. ఏదో విదేశీ పుస్తకంలో మూడు అడుగులు అని కనపడింది. కమిటీ ఆ పుస్తకానికి దణ్ణం పెట్టి మూడు ఖాయం చేసింది. ఆఫీసు గుమ్మంలో ఒక ఖాళీ ప్యానెల్ నిలబెట్టి, దాని చుట్టూ మూడడుగుల్లో పసుప్పచ్చ గీత గీయమన్నారు. గీసింది నేనే. వచ్చిన పెద్దవాళ్ళు ఆ గీతకి ఇవతల నిలబడి ఫొటోలు దిగేవాళ్ళు.

కమిటీ ఛైర్మన్ అనంతరామయ్యగారు. రిటైరైన చీఫ్ ఇంజినీరు, మా తెనాలి వైపు మనిషే. ఎవరైనా కాగితం మీద 'మంట' అని రాస్తే ఆయన ఎర్రసిరాతో కొట్టేసి 'ఉష్ణ సంఘటన' అని రాసేవారు. 'పేలుడు' అని రాస్తే 'శబ్దంతో కూడిన ఉష్ణ సంఘటన'. కాలిపోయిన మనిషికి ఆయన దగ్గర ఇంకా మాట దొరకలేదు. అందుకని మనుషుల గురించి రాయనిచ్చేవారు కాదు.

పాత ప్రమాదాల రిపోర్టులు పోగేసే పని ప్రణతిది. పాతికేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసరు. ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. రెండువేల ఏడు మార్చిలో ఒక మధ్యాహ్నం టీ ఇస్తుంటే నన్ను ఆపింది.

"కనకయ్య అంకుల్, ఏక్ మినిట్. ఈ రిపోర్టులో విట్‌నెస్ పేరు కనకయ్య అని ఉంది. ఫిట్టర్. ఆప్ హో క్యా?"

ట్రే బల్ల మీద పెట్టేశాను.

"ప్లాంటు నంబరు నాలుగు. నైన్టీ సిక్స్," అంది.

ఆ ప్లాంటు పేరు నేనూ చెప్పను. కమిటీ దాన్ని నాలుగు అంటుంది, నాలుగే అందాం.

ఆ రోజు పొద్దున షిఫ్టు. ప్యానెళ్ళుండే స్విచ్‌గేర్ గదిలో నేనూ, సాలొమోనూ. ఇద్దరం ఒకే కాంట్రాక్టరు కింద ఫిట్టర్లం. మూడో ప్యానెల్ దగ్గర కమురు వాసన వస్తోందని సాలొమోను అప్పటికి మూడుసార్లు రిజిస్టర్లో రాశాడు. జాయింటు బిగించాలి, షట్‌డౌన్ ఇవ్వండి అని. ఉత్పత్తి తగ్గుతుందని ఇవ్వలేదు. ఆ పూట నాలుగోసారి రాస్తున్నాడు. గది చివర బల్ల దగ్గర కూర్చుని, చేతిలో పెన్నుతో. నేను నీళ్ళ సీసా నింపుకుని గుమ్మంలోకి వచ్చాను. అంతే, తెల్లగా అయిపోయింది. ఆ తెలుపు ఇప్పటికీ వెల్డింగు షాపు పక్కనించి పోతుంటే కళ్ళలోకొస్తుంది. చూపొచ్చేసరికి ప్యానెల్ తలుపు గోడకి అతుక్కుని ఉంది, రిజిస్టరు తగలబడుతోంది, సాలొమోను బల్ల దగ్గరే లేచి నిలబడి ఉన్నాడు, చేతులు రెండూ ముందుకు చాపి. అతని చెప్పుల అడుగులు కరిగి గచ్చుకి అంటుకుపోయాయి.

సాలొమోనుని ఢిల్లీ ఆస్పత్రికి పంపారు. మర్నాడు ఇంగ్లీషు కాగితం ఒకటి నా ముందు పెట్టారు. "నువ్వు అక్కడున్నట్టు సంతకం పెట్టవయ్యా," అన్నారు. అక్కడున్న మాట నిజమే కాబట్టి పెట్టాను. రెండేళ్ళ తర్వాత కాంట్రాక్టరు మారి నన్ను బయటికి పంపేటప్పుడు ఒక గుమస్తా జాలిపడి ఆ కాగితం చదివి చెప్పాడు. 'ఫిట్టరు సాలొమోను చేతిలోంచి పానా జారి ప్యానెల్లో పడుట నేను కళ్ళారా చూచితిని.' కింద నా పేరు. గుండ్రటి అక్షరాలు, మా మేష్టారు మెచ్చుకున్న దస్తూరీ.

అలా సాలొమోను చేతిలో పానా పెట్టింది నేను. ఢిల్లీ వచ్చి అతన్ని వెతికి పట్టుకుని చెప్పాను. "తెలుసులేరా, ఆస్పత్రిలోనే చెప్పారు," అన్నాడు.  తిట్టినా బాగుండేది. వాళ్ళావిడ రెబ్కాకి మాత్రం చెప్పలేదు. అతనూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఇదంతా ప్రణతికి ఉన్నదున్నట్టు చెప్పాను. పానా అబద్ధమనీ, సంతకం నాదేననీ.  ఆ పిల్ల రిపోర్టు వెనక పేజీ తిప్పి ఒక బొమ్మ చూపించింది. ఫైర్ సెక్షన్ వాళ్ళు గీసింది. ఏం కనిపెట్టాలో పైవాళ్ళు చెప్పకముందే పాపం వాళ్ళు టేపు పెట్టి కొలిచేశారు. ప్యానెల్ ఇక్కడ, అంటుకుపోయిన చెప్పులు ఇక్కడ, మధ్యలో ఎనిమిది అడుగులు.

"అంకుల్, ముందు పేజీలో పానా ప్యానెల్లో పడింది. వెనక పేజీలో మనిషి ఎనిమిదడుగుల దూరంలో ఉన్నాడు. కైసే?"

"పానా పడేసి, నింపాదిగా ఎనిమిదడుగులు నడిచి వెళ్ళి, అప్పుడు కాలాడమ్మా," అన్నాను.

నవ్వబోయి ఆగిపోయింది. రెండు పేజీల కిందా ఆ ప్లాంటు పెద్దాయన సంతకం ఉంది. పదకొండేళ్ళలో ఆ రెండు పేజీలూ ఒకేసారి చదివినవాళ్ళు లేరు.

ఆ రిపోర్టు అప్పటికే కమిటీ లెక్కలోకి తీసుకునే ప్రమాదాల జాబితాలోకి ఎక్కి పైకి వెళ్ళిపోయింది. జాబితాలోకి ఎక్కింది దిగదు. పైగా కమిటీ రూల్సులో పదకొండోది ఒకటుంది, అనంతరామయ్యగారు స్వయంగా రాసింది. క్లోజైన రిపోర్టులో దూరం ఎంత ఉంటే అంతా కమిటీ ఒప్పుకోవాలి. రిపోర్టుని మొత్తంగా తీసుకోవాలి, లేదా మొత్తంగా తిరగదోడాలి. నచ్చిన ముక్క ఉంచుకుని నచ్చనిది పారేయడం కుదరదు. తిరగదోడాలంటే, అందులో ఎవరి మీద తప్పు రాశారో ఆ మనిషే ఒప్పుకుని సంతకం పెట్టాలి.

ప్రణతి చెప్పినట్టుంది, రెండ్రోజుల్లో అనంతరామయ్యగారు నన్ను లోపలికి పిలిచారు. కుర్చీ చూపించారు. మూడేళ్ళలో ఆ కుర్చీ నేను తుడవడమే తప్ప అందులో కూర్చున్నది అదే మొదలు.

"ఏవయ్యా కనకయ్యా, ఇంతకాలం మా మధ్యనే ఉండి ఒక్కమాట చెప్పలేదే! పాపం, ఆ సాలొమోను మీద అన్యాయంగా మచ్చ పడింది. నాకు నిద్ర పట్టడం లేదనుకో. దాన్ని తీసేద్దాం. పానా మాట కొట్టేసి, కారణం తెలియదు అని రాద్దాం. అతన్ని తీసుకురా. ఒక్క సంతకం చాలు."

నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. చెప్పడానికి సిగ్గుగా ఉందిగానీ వచ్చాయి. ప్రభుత్వంలో ఎక్కడో ఒక మూల మంచివాడుంటాడని అందరూ అంటుంటారు కదా, ఆ మూల నా ఆఫీసే అనుకున్నాను.

ఆ సాయంత్రమే సాలొమోను దగ్గరికి పరిగెత్తాను. రెబ్కా పనిచేసే ఆస్పత్రి క్వార్టర్ల గేటు పక్కన అతనికి వికలాంగుల కోటాలో వచ్చిన ఎస్టీడీ బూతు ఉంది. అందరికీ సెల్‌ఫోన్లు వచ్చాక అందులో ఫోను చేసేవాళ్ళు లేరు. చిప్స్ పాకెట్లూ, రీచార్జి కూపన్లూ అమ్ముతాడు. ఎడమ చెంప అంతా ముడుచుకుపోయి ఉంటుంది. కుడిచేతి వేళ్ళు మూడు కలిసిపోయాయి. కూపన్ గీకడానికి రాదు, కొన్నవాళ్ళనే గీక్కోమంటాడు.

"ఏరా కనకం, టీలో పంచదార ఎక్కువైందన్నారా ఏంటి, అట్టా రొప్పుతున్నావు?"

"నీ పానా తీసేస్తార్రా."

"ఎవరు?"

"కమిటీ."

"మంచిది. కావాలంటే తూకానికి కూడా అమ్ముకోమను."

అప్పుడే డ్యూటీ దిగి రెబ్కా వచ్చింది. తెల్ల చీర, చేతిలో టిఫిన్ క్యారేజీ. సంగతి విన్నాక క్యారేజీ కౌంటరు మీద పెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నిజంగానా అన్నయ్యా? రాసిస్తారా? కాగితం మీద?"

"కాగితం మీదేనమ్మా."

ఆమె ఆత్రం నాకు తెలుసు. వాళ్ళ తెలుగు చర్చిలో సాలొమోనులు ఇద్దరున్నారు. ఒకాయన కీబోర్డు వాయిస్తాడు, ఆయన్ని కీబోర్డు సాలొమోను అంటారు. ఇతన్ని పానా సాలొమోను అంటారు. ఎవరూ చెడుగా అనరు, గుర్తు కోసం అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎందుకలా అంటారని అడుగుతారు. ఎవరో ఒకరు చెప్తారు. ప్రతి ఏడూ కొత్తగా వచ్చేవాళ్ళుంటారు.

"పదకొండేళ్ళ నుంచి 'సిస్టర్, మీవారు ఏదో పడేశారంట కదా' అంటానే ఉన్నారు," అంది రెబ్కా. "ఆ కాగితం వచ్చిన రోజున ఫ్రేము కట్టించి చర్చి గుమ్మంలో పెడతాను."

సాలొమోను మాత్రం చిప్స్ పాకెట్లు సర్దుతూ, "అయితే నేనేం పడెయ్యలేదని వాళ్ళకి ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు.

"కారణం తెలియదని రాస్తారు. అలాంటివి వాళ్ళ లెక్కల్లో సగం కిందకొస్తాయంట. నీది అర ప్రమాదం."

"అరా? ఏ అర రా? ఇటు చెంపా, అటు చెంపా?"

రెబ్కా అతని భుజం మీద ఒక్కటిచ్చింది.

వారం తర్వాత, పదకొండు గంటలకి మీటింగు. రెబ్కా సెలవు పెట్టి, చర్చికి కట్టుకునే పట్టుచీర కట్టుకుని వచ్చింది. సాలొమోను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గుమ్మంలో పసుప్పచ్చ గీత చూసి, "ఇదేంట్రా, కబడ్డీ కోర్టా?" అన్నాడు. నేను గబగబా లోపలికి తీసుకుపోయాను.

సమోసాలు పెట్టారు. అనంతరామయ్యగారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. మనవాళ్ళు, మన జిల్లా వాళ్ళు అన్నారు. ఆయన పక్కన శ్రీహర్ష. గుర్గావ్ కన్సల్టెంటు, ఆఫీసు క్యాబులో వస్తాడు, ల్యాప్‌టాప్ మూత మూయడు. మూడడుగుల లెక్కకి రంగుల బొమ్మలు వేసిపెట్టింది ఆ అబ్బాయే. బల్ల చివర ప్రణతి, మినిట్స్ రాసుకోవడానికి. ఆ రోజు నాకూ సాలొమోను పక్కన కుర్చీ వేశారు. టీ ఎవరు తెస్తారో తెలియక అందరూ కాసేపు గుమ్మం వైపు చూశారు.

అనంతరామయ్యగారు పాత రిపోర్టు పైకి చదివారు. పద్ధతి ప్రకారం చదవాలట. ఇంగ్లీషులో చదివి, మన జిల్లా వాళ్ళ కోసం తెలుగులో చెప్పారు. "ఫిట్టరు సాలొమోను చేతిలోంచి పానా జారి పడుట నేను కళ్ళారా చూచితిని. సాక్షి, కనకయ్య."

రెబ్కా నా వైపు తిరిగింది. నేను సమోసా వైపు చూశాను. ఆ సమోసా మీద ఎన్ని మడతలున్నాయో ఇప్పుడడిగినా చెప్పగలను.

"ఇదంతా కొట్టేస్తున్నాం," అన్నారు అనంతరామయ్యగారు ఉదారంగా. "ఇదిగో కొత్త కాగితం. రెండే లైన్లు. సంతకం పెట్టు నాయనా."

సాలొమోను కలిసిపోయిన వేళ్ళతో ఆ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. అతను పదో తరగతి. పైగా రోజూ బైబిలు చదివేవాడు అర్థం కాకుండా ఏ కాగితమూ వదలడు. నాలా కాదు.

"మొదటిది పానా గురించి. అర్థమైంది. రెండోది ఏంటి పాపా?" అని ప్రణతిని అడిగాడు.

ప్రణతి ఛైర్మన్ వైపు చూసింది. "అంకుల్... మతలబ్... మీరు ఎక్కడ నిలబడ్డారో యాద్ నహీ హై, అని."

"నాకెందుకు గుర్తులేదూ? బల్ల దగ్గర. చెప్పులు అక్కడే అంటుకుపోయాయి కదా!"

శ్రీహర్ష ముందుకు వంగాడు. "అంకుల్, జస్ట్ ఫార్మాలిటీ. అంత పెద్ద షాక్‌లో మెమరీ కరెక్టుగా ఉండదు. లిటరేచర్‌లో ఉంది."

"లిటరేచరు కాలిందా బాబూ ఎప్పుడన్నా?"

"అంటే, మా మోడల్ ప్రకారం మీకు తగిలిన గాయాలకి మీరు రెండున్నర అడుగుల దూరంలో ఉండాలి." ల్యాప్‌టాప్ తిప్పాడు. తెర మీద ఎర్ర ప్యానెల్. దాని ముక్కు కిందే ఒక చిన్న మనిషి బొమ్మ. మోడల్ సాలొమోనుని భుజం పట్టి అయిదున్నర అడుగులు ముందుకు నడిపించింది.

సాలొమోను ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. "చొక్కా రంగు మాత్రం సరిపోయింది," అన్నాడు.

అనంతరామయ్యగారు గొంతు సవరించుకున్నారు. "చూడు సాలొమోనూ. పానా, దూరం, రెండూ ఒకే రిపోర్టులో ఉన్నాయి. పానా తీసెయ్యాలంటే దూరం కూడా తీసెయ్యాలి. తిరగదోడితే మొత్తం తిరగదోడాలి. రూలు."

"రూలు ఎవరిదండీ?"

"నాదే. అయినా రూలు రూలే కదా."

"దూరం తీసేస్తే ఏవుద్దండీ?"

 అనంతరామయ్యగారు ముందున్న కాగితాలు సర్దారు. అప్పుడు బల్ల చివర్నుంచి ప్రణతి, కాగితాల్లోంచి తలెత్తకుండా, గబగబా చెప్పేసింది.

"మూడు అడుగులే ఫైనల్ హో జాయేగా అంకుల్. కేబుల్స్ ఉన్నచోటే రహేంగే. కొత్త లేఅవుట్‌లో లాగ్ రిజిస్టర్ రాసే టేబుల్ నాలుగు అడుగుల దగ్గర వేస్తున్నారు. చోటు బచానే కే లియే, కలిసొస్తుందని. అన్ని ప్లాంట్లలో."

"ప్రణతీ," అన్నారు అనంతరామయ్యగారు.

"సారీ సర్."

"నాలుగు అడుగుల దగ్గరా?" సాలొమోను కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను ఎనిమిది దగ్గర కూర్చుని ఇట్టా తయారయ్యాను. నాలుగు దగ్గర కూర్చునేవాడు ఎట్టా తయారవుతాడండీ?"

"ఆ అంశం రెండో దశలో పరిశీలిస్తాం."

"రెండో దశ ఎప్పుడు?"

"మొదటి దశ అయ్యాక."

అప్పుడర్థమైంది నాకు, ఆయనకి నిద్ర ఎందుకు పట్టలేదో. కుర్చీ ఎందుకు చూపించారో. సాలొమోను మీద మచ్చ కాదు ఆయన బాధ, సాలొమోను నిలబడ్డ చోటు. ఇంతలో సాలొమోను కాగితం వెనక్కి తోశాడు.

"అయితే పానా ఉంచండి సార్."

"ఏమిటీ?"

"పానా నా చేతిలోనే ఉంచండి. పాత రిపోర్టు ఎట్టా ఉందో అట్టాగే ఉంచండి. నేనే పడేశాను, ఎనిమిదడుగుల కాడ్నించి పడేశాను. నా కాళ్ళు మాత్రం కదపమాకండి."

అనంతరామయ్యగారి మొహం ఎర్రబడింది. "ఎనిమిదడుగుల దూరం నుంచి ప్యానెల్లోకి పానా ఎలా జారి పడుతుందయ్యా? అర్థముందా?"

"ఆ ముక్క అక్కడి పెద్దాయన్ని అడగండి. రెండు పేజీల కిందా ఆయనే సంతకం పెట్టారుగా. క్లోజైన రిపోర్టు."

నేనిక ఉండబట్టలేకపోయాను. లేచి నిలబడ్డాను. "సార్, పానా అబద్ధం. ఆ పూట అసలు అతని చేతిలో పానానే లేదు, పెన్నుంది. నేను చదవకుండా పెట్టిన సంతకం అది. రాసుకోండి, నేను చెప్తాను—"

"కనకం, కూర్చో."

"కాదురా—"

"కూర్చోమన్నానా? ఇప్పుడు నువ్వు నిజం చెప్తే రిపోర్టు తిరగబడుద్ది. దాంతో దూరం పోతుంది. ఆ నాలుగడుగుల బల్ల దగ్గర ఎవడో పెన్ను పట్టుకుని కూర్చుంటాడు. ఇన్నేళ్ళు ఆగావు, ఇంకొంచెం ఆగు."

కూర్చున్నాను. నా బతుకులో పెద్దవాళ్ళ ముందు నిజం చెప్దామని ధైర్యం చేసింది ఆ ఒక్కసారే. అప్పుడు కూడా తప్పు సమయంలో చేశాను. తర్వాత, సాక్షి పాత మాటకి కట్టుబడి ఉన్నాడా అని ఒక గడి ఉంటే, అందులో సంతకం పెట్టమన్నారు. పెట్టాను. పానా పడుట కళ్ళారా చూచితిని.

ఆ గడిలో నా పేరు ఎండుతుంటే శ్రీహర్ష ల్యాప్‌టాప్ మూత మూశాడు. అది మూయడం నేను చూడ్డం అదే మొదలు.

ఏమైందో అదీ చెప్తాను. రూలు పదకొండు ప్రకారం దూరం ఎనిమిది అడుగులైంది. అనంతరామయ్యగారు తన రూలుని తానే మార్చబోయారుగానీ, దానికి రూల్సు మార్చే రూలు ఒకటి అడ్డొచ్చింది, అదీ ఆయన రాసిందే. కేబుళ్ళు ఎనిమిది అడుగుల అవతలికి ఎలా జరపాలో తేల్చడానికి కమిటీ గడువు ఇంకో రెండేళ్ళు పొడిగించారు. మెంబర్లందరికీ సంతోషమే. ఇంకా తేలుస్తూనే ఉన్నారనుకుంటాను. లాగ్ బల్లలు మాత్రం జరిగాయి. బల్ల జరపడానికి షట్‌డౌన్ అక్కర్లేదు కాబట్టి నెల తిరక్కముందే సర్క్యులర్ వెళ్ళింది. పదడుగులు అని ప్రణతి టైపు చేసింది. ఎనిమిదికి బదులు పది ఎందుకని ఎవరూ అడగలేదు, మీటింగులో సమోసాలు అయిపోయాయి. గుమ్మంలో నా పసుప్పచ్చ గీత ఎనిమిది అడుగులకి గీయమన్నారు. గీస్తే అది లిఫ్టు తలుపు దాకా వచ్చింది. ఫొటోలు దిగడానికి చోటు లేక ఆ ప్యానెల్ని తీసేశారు.

ఇదంతా తర్వాత. ఆ మధ్యాహ్నం మాత్రం ముగ్గురం కిందకి దిగి బస్టాపులో నిలబడ్డాం. ఎండ మండిపోతోంది.  రెండు బస్సులు వచ్చాయి, రెబ్కా ఎక్కలేదు. సాలొమోను ఆమె వైపు చూసి, "రెబ్కా, అది కాదే..." అన్నాడు.

"మీరు ఆగండి. మీరు చేసింది తప్పని నేనన్నానా? నేను వార్డులో కాలినవాళ్ళకి కట్లు కట్టేదాన్ని. నాలుగడుగులంటే ఏంటో మీరు నాకు చెప్పొద్దు." చీర కొంగుతో మొహం తుడుచుకుంది. నా వైపు తిరిగింది. నన్ను అన్నయ్యా అనలేదు.

"సంతకం నువ్వు పెట్టావా?"

"పెట్టానమ్మా. చదవకుండా."

"ఇందాక?"

"ఇందాక తెలిసే పెట్టాను."

"తొమ్మిదేళ్ళు నా ఇంట్లో అన్నం తిన్నావు."

 ఆదివారం వస్తే కోడిగుడ్డు పులుసు నాకోసం విడిగా దాచిపెట్టేది. ఆ పులుసు రుచి నాలుక మీద ఉండగానే సాలొమోను చేతిలో పానా ఉంది. రెండూ నాకు కలిసే గుర్తొస్తాయి.

"ఆఫీసు కాగితం మీద పానా ఉంటే ఉండనీ," అంది రెబ్కా. "వాళ్ళ కాగితం వాళ్ళిష్టం. చర్చిలో మాత్రం ఉండకూడదు. ఈ ఆదివారం వచ్చి సాక్ష్యం చెప్పు."

వాళ్ళ చర్చిలో ఆ పద్ధతి ఉంది. పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, ఒకరో ఇద్దరో లేచి మైకు పుచ్చుకుని తమ జీవితంలో జరిగింది చెప్తారు. జబ్బు తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో.

"నేను మీ మతం కాదు కదమ్మా."

"పానా నీ మతమా?" అంది రెబ్కా.

ఆదివారం వెళ్ళాను. ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని పెట్టుకుంటారు ప్రార్థన. ఎనభై మంది దాకా ఉన్నారు, సగం మంది నర్సులే. పాటలయ్యాక పాస్టరుగారు చేతిగడియారం చూసుకుని, "సహోదరుడు కనకయ్యగారు రెండు నిమిషాలు," అని మైకు నాకిచ్చారు.

నేను మైకులు బాగుచేసినవాణ్ణేగానీ మాట్లాడినవాణ్ణి కాదు.  ప్లాంటులో ఆ పొద్దున జరిగిందంతా చెప్పాను. వాసన, రిజిస్టరు, మూడుసార్లు రాయడం, నాలుగోసారి రాస్తుండగా తెల్లగా అయిపోవడం. సాలొమోను ఎనిమిది అడుగుల దూరంలో, చేతిలో పెన్నుతో ఉన్నాడని చెప్పాను. ఏ పానా ఎక్కడా పడలేదని చెప్పాను. కీబోర్డు దగ్గరున్న ఇంకో సాలొమోను కీబోర్డు మీంచి చేతులు తీసేసి వింటున్నాడు. వెనక వరసలో ఎవరో ఆవిడ "అయ్యో దేవా" అంది.

హమ్మయ్య అనుకున్నాను. మైకు పాస్టరుగారికి ఇవ్వబోయాను.

"మరి పానా అని రాసిందెవరు?" రెబ్కా గొంతు. ముందు వరసలో కూర్చుని ఉంది, సాలొమోను పక్కన. సాలొమోను తల వంచుకుని ఆమె మోచెయ్యి పట్టుకుని లాగుతున్నాడు, వద్దే అన్నట్టు. ఆమె మోచెయ్యి విడిపించుకుంది.

పాస్టరుగారు గడియారం చూసుకున్నారు. "రెండు నిమిషాలు అయిపోయాయి సిస్టర్."

రెబ్కా ఆయన వైపు చూసింది. ఆస్పత్రి వార్డులో డాక్టర్లని చూసే చూపు. ఆయన మైకు కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాను. ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు. నా పేరు కనకయ్య అని మొదలుపెట్టాను.